ఊఁ కొట్టిన పాపానికి

సంక్రాంతి తరువాత ఒక బ్రెవేలో పాల్గొనాలని, అంటే 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో తొక్కి ముగించాలని, వానాకాలమంతా సైకిలును గోడకు ఆనించి ఉంచిన నా తరఫున మా తోడల్లుడు తీర్మానించి, ఒక శిక్షణ యాప్‌ను నా ఫోన్‌లో తానే ఎక్కించి వెళ్ళాడు. హైదరాబాదులో హాయిగా సైకిలు తొక్కగలిగే కాలమే డిసెంబరు, జనవరి. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిలు దారికి సౌరఫలకాల పైకప్పు కూడా ఉంది. అయితే ఆ యాప్‌ను తయారుచేసినవారి దేశంలో డిసెంబరంటే మంచు కాబట్టి, నాకు కూడా మంచే కురుస్తున్నదని భావించి, అది నన్ను ఇల్లు కదలవద్దన్నది. డబ్బు ముందే కట్టేశాను గనుక బాల్కనీలో వెనుక చక్రం విప్పి, సైకిలును ఉన్నచోటే తొక్కించే ట్రైనర్ అనే యంత్రానికి బిగించాను.

ఇక్కడ ఎర్గ్ మోడ్ గురించి చెప్పక తప్పదు. యాప్ నిర్ణయించిన వాట్లను ట్రైనరే పట్టి ఉంచుతుంది. కాళ్ళ వేగం తగ్గితే ఆ మేరకు బిగుసుకుంటుంది. నిమిషానికి 90 చుట్లు తిరుగుతున్న కాళ్ళు 45కు పడిపోతే, అవే వాట్ల కోసం ప్రతి తొక్కుకూ రెట్టింపు బలం కావాలి. బలం లేకనే కదా వేగం తగ్గింది అన్న ఇంగితం ఆ యంత్రానికి లేదు.

20 నిమిషాల గట్టి విడత సగం దాటిన వేళ, మా అపార్టుమెంటు సంఘం కార్యదర్శిగారు చేతిలో ఒక పుస్తకంతో బాల్కనీలోకి వచ్చారు. ఆయన కాపురం సరిగ్గా మా కింది ఫ్లాటులోనే.

“తెల్లవారుజామున మా పడకగది మీద పిండిమర ఆడుతున్నట్టుంటోంది సార్. అది మీదేనా?”

“ఊఁ.”

శిక్షణ శాస్త్రంలో మాటల పరీక్ష అని ఒకటి ఉంది. ఎఫ్‌టీపీలో, అంటే మనిషి సుమారు గంటసేపు నిలబెట్టగల గరిష్ఠ వాట్లలో, 56 నుంచి 75 శాతం వరకు ఉండే జోన్ 2లో తొక్కేవాడు పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. కార్యదర్శిగారు ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే, నేను జోన్ 2లో ఉండి, కర్త, కర్మ, క్రియలతో, అవసరమైతే ఒకటి రెండు సామెతలతో ఆయనకు సమాధానం చెప్పి ఉండేవాణ్ణి. ఆ రోజు గట్టి విడత నడిచిన జోన్ 4లో మనిషికి మిగిలేది ఒక్క అక్షరమే. అది కూడా ఊపిరితో పాటు దానంతటదే బయటపడుతుంది.

“పోనీలెండి, మీవంటి క్రమశిక్షణ ఉన్నవారే మాకు కావాలి. కోశాధికారిగారు అమెరికాలో ఉన్న వాళ్ళబ్బాయి దగ్గరికి వెళ్తున్నారు. ఆ బాధ్యత మీరు తీసుకుంటారా?”

కుదరదండీ అనబోయాను. మొదటి అక్షరానికే కాళ్ళ వేగం 70కి జారింది, ట్రైనర్ బిగుసుకుంది, మిగతా అక్షరాలను మింగేశాను. తల అడ్డంగా ఊపుదామంటే, అంత బరువు తొక్కేవాడి తల నిలువుగా తప్ప ఊగదు. ఆపి దిగవచ్చు కదా అని ఇప్పుడు మా ఆవిడ అడుగుతోంది. ఆపితే ఆ విడత యాప్‌లో తప్పినట్టుగా ఎర్రగా మారి, మా తోడల్లుడి ఫోన్‌లో కూడా కనిపిస్తుందని ఆవిడకు ఎలా వివరించను? చివరికి వారించడానికి కుడిచెయ్యి పైకెత్తాను. ఆయన ఆ చేతిని రెండు చేతులతో అందుకుని ఆప్యాయంగా ఊపి, అంటిన చెమటను నా తువ్వాలుకే తుడుచుకుని, పుస్తకాన్ని దాని మీద పెట్టారు.

“కమిటీలో అందరూ మీరు ఒప్పుకోరేమో అన్నారు సార్. అడగ్గానే ఊఁ అన్నారు.”

“ఊఁ,” అన్నాను.

ఆయన వెళ్ళిన తరువాత యాప్ ఆ విడతను ఎలాగూ ఎర్రగానే చూపించింది. వేగం నిలకడగా లేదట. నా ఎఫ్‌టీపీని తగ్గించుకోమని సలహా ఇచ్చి, బయట చలిగా ఉంటుంది కనుక రేపు కూడా లోపలే తొక్కమని గుర్తుచేసింది. అప్పటికి సూర్యుడు బాల్కనీలోకి వచ్చి నా వీపు మాడ్చుతున్నాడు. ఊపిరి కుదుటపడ్డాక పుస్తకం తెరిచి చూశాను. అది నిర్వహణ రుసుము బకాయిల పట్టిక. అందులో మొదటి పేరు, పెద్ద మొత్తం కార్యదర్శిగారివే.