దేశమంతా చూసిందంటే సరిపోతుందా?

(పోలండ్ ఫుట్‌బాల్‌లో 1992–93 సీజన్ పేరెత్తితే ఇప్పటికీ గొడవే, ఆ ఏడాది లీగ్ కప్పు న్యాయంగా ఎవరిదని. ఇక్కడ వాదించుకునే ఇద్దరిలో బావది వార్సాలో ఉద్యోగం, లెగియా జట్టంటే ప్రాణం. బామ్మర్ది పోజ్నాన్‌లో చదువుకుంటున్నాడు, వాడు లెఖ్ జట్టు మనిషి. ఆ సీజన్ జరిగినప్పుడు బావ ఇక్కడే పలకా బలపం పట్టుకుని తిరుగుతున్నాడు, బామ్మర్ది ఇంకా పుట్టలేదు. అయినా భోజనాలయ్యి చేతులు కడుక్కున్నారో లేదో మొదలుపెట్టేస్తారు.)

బావ: లెగియాకి 15 టైటిళ్లు అని రాస్తారు చూడు, ఆ లెక్క తప్పురా. 16.

బామ్మర్ది: ఆ పదహారోది ఎక్కణ్నుంచి వచ్చిందో నువ్వే చెప్పు బావా. అక్క కూడా వింటుంది.

బావ: చెబుతా విను. 1993 జూన్ 20, ఆదివారం. అప్పట్లో దాన్ని మొదటి లీగ్ అనేవాళ్లు, ఇప్పుడు ఎక్‌స్ట్రాక్లాసా. 18 జట్లు, 34 రౌండ్లు, గెలిస్తే 2 పాయింట్లు. చివరి రౌండ్‌కి వచ్చేసరికి మా లెగియా, వూచ్ నగరం వాళ్ల ఎల్‌కేఎస్ పాయింట్లలో సమానంగా ఉన్నాయి. పాయింట్లు సమానమైతే చూసేది గోల్ తేడా, అంటే కొట్టిన గోల్స్‌లోంచి తిన్నవి తీసేస్తే మిగిలేది. అందులో మేము కాస్త ముందు. మీ లెఖ్ వెనకాల. ఆ రోజు మేము క్రాకూఫ్ వెళ్లి విస్వాని 6-0తో కొట్టాం. ఎల్‌కేఎస్ సొంత ఊళ్లో ఒలింపియా పోజ్నాన్‌ని 7-1తో కొట్టింది. మాకు ప్లస్ ఆరు, వాళ్లకీ ప్లస్ ఆరు. ముందున్నవాళ్లం ముందే ఉన్నాం. చాంపియన్ లెగియా. ఇందులో అర్థం కానిది ఏముంది?

బామ్మర్ది: అర్థం కావాల్సిందంతా నువ్వే చెప్పేశావుగా! ఏడాదంతా చెమటోడ్చి ఒకటీ రెండూ గోల్స్ తేడాతో ఆడిన లీగ్‌లో, కప్పు తేలే రోజున, గోల్ తేడా అవసరమైన రెండు జట్లకే, ఒకే గంటలో ఆరూ ఏడూ పడతాయా? దానికి పోలండ్ వాళ్లు పెట్టిన పేరేంటో తెలుసుగా, అద్భుతాల ఆదివారం. మెచ్చుకుని పెట్టిన పేరు కాదది.

బావ: వెటకారానికి పెట్టిన పేరు పట్టుకుని కప్పు లాక్కుంటారా?

బామ్మర్ది: పేరు పట్టుకుని కాదు, ఆట చూసి. ఇరవై రోజుల తర్వాత, జూలై 10న, పోలండ్ ఫుట్‌బాల్ సమాఖ్య ఆ రెండు ఆటల ఫలితాలనూ రద్దు చేసింది. లెగియాకి 2 పాయింట్లు, ఎల్‌కేఎస్‌కి 2 పాయింట్లు ఎగిరిపోయాయి. ముందటి ఏడాది చాంపియన్ అయిన లెఖ్ మళ్లీ పైకి వచ్చింది. ఇప్పటికీ రికార్డు పుస్తకంలో ఉన్నది అదే.

బావ: రద్దు చేయడానికి ఏం ఆధారం చూపించారు? డబ్బు దొరికిందా? ఎవరైనా ఒప్పుకున్నారా? ఉత్తరం, ఫోన్, సాక్షి, ఏదైనా?

బామ్మర్ది: ...

బావ: నువ్వు చెప్పకపోతే నేను చెబుతా. సమాఖ్య పెద్దల్లో రిషార్ద్ కులేషా అని ఒకాయన, ఒకప్పటి జాతీయ జట్టు కోచ్. ఆయనన్న మాట దేశంలో సామెతైపోయింది, ‘పోలండ్ అంతా చూసింది’ అని. అంతే! అదే కేసు ఫైలు, అదే తీర్పు. అసలు పోలండ్ అంతా ఎలా చూసిందిరా? రెండు ఆటలూ రెండు ఊళ్లలో ఒకేసారి జరుగుతుంటే కులేషా గారు ఎన్ని కళ్లతో చూశారు?

బామ్మర్ది: మాటకి వెక్కిరింపు బాగుంది. కానీ ఫుట్‌బాల్ తెలిసినవాడికి డిఫెండర్ ఓడిపోవడానికీ, పక్కకి తప్పుకోవడానికీ తేడా తెలియదా? రసీదు కావాలంటే ఎలా? లంచం ఇచ్చేవాడు రసీదు రాయించుకుంటాడా?

బావ: తెలుస్తుంది. అనుమానమూ వస్తుంది. నాకూ వస్తుంది, కాదనను. కానీ అనుమానం వేరు, శిక్ష వేరు. ఆ రోజు విస్వాకి గాని ఒలింపియాకి గాని గెలిచినా ఓడినా ఒరిగేదేం లేదు. సీజన్ అయిపోయింది, మనసు సెలవుల మీద ఉంది. ఎదురుగా ఉన్న జట్టుకి మాత్రం ప్రతి గోలూ బంగారం. వూచ్‌లో ఒక గోల్ పడిందని కబురొస్తే క్రాకూఫ్‌లో ఇంకోటి కొట్టాలి. ఇక్కడ కొడితే అక్కడ కొట్టాలి. అలాంటి రోజు స్కోరు ఆగమన్నా ఆగుతుందా? పైగా మా కోచ్ ఎవరనుకున్నావు? యానుష్ వూయ్‌చిక్. ఏడాది కిందటే బార్సిలోనా ఒలింపిక్స్‌లో పోలండ్‌కి వెండి పతకం తెచ్చినవాడు. ఫైనల్లో స్పెయిన్ మీద 3-2 దాకా పోరాడిన జట్టు కోచ్. ఆయనకి విస్వా మీద ఆరు గోల్స్ కొట్టించడం చేతకాదా?

బామ్మర్ది: చేతనైతే ముందు రౌండ్లలో ఎందుకు కొట్టించలేదు బావా? చివరి రోజుకి సమానంగా ఎందుకున్నారు?

బావ: ఇంకో సంగతి ఆలోచించు. లెగియా, ఎల్‌కేఎస్ ఒకరికొకరు పోటీ. ఇద్దరూ కలిసి కుట్ర చేశారంటే అర్థం లేదు. ఎవడికి లాభం?

బామ్మర్ది: కలిసి చేశారని ఎవరన్నారు? వేలంపాటలో పక్కవాడు పెంచుతుంటే నువ్వూ పెంచినట్టు, ఎవరికి వాళ్లే చేశారనే అనుమానం. అసలు ఆ రోజుల వాతావరణం నువ్వు మర్చిపోతున్నావు. కమ్యూనిస్టుల కాలం నుంచీ పోలండ్ లీగ్‌లో ఈసారి నువ్వు నాకు పాయింట్లు వదిలేయ్, వచ్చేసారి నేను నీకు వదిలేస్తా అనే బేరాలు నడిచేవి. జనం దానికి ‘సహకార సంఘం’ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. లెగియా సైన్యం క్లబ్. విస్వా, ఒలింపియా పోలీసుల చేతికింద పెరిగినవి. 1989లో ప్రభుత్వం మారింది గానీ క్లబ్బుల అలవాట్లు నాలుగేళ్లలో మారిపోతాయా? అలాంటి చోట ఎవరో ఒకరు ‘ఇక చాలు’ అనాలి. సమాఖ్య అంది.

బావ: మీ లెఖ్ రైల్వే క్లబ్. అభిమానులు ఇప్పటికీ ‘కొలెయోష్’ అనే పిలుస్తారు, రైల్వేవాడు అని. రైల్వే వాళ్లు గంగలో మునిగి వచ్చారా?

బామ్మర్ది: నేనలా అన్లేదు. కానీ ఆ రోజు ఏడు గోల్స్ కొట్టింది రైల్వే వాళ్లు కాదు. ఇంకోటి, పక్షపాతం అంటావేమో. అప్పుడు సమాఖ్య అధ్యక్షుడు ఎవరు? కాజిమియెష్ గూర్స్కీ. 1974 వరల్డ్ కప్‌లో పోలండ్‌ని మూడో స్థానానికి తీసుకెళ్లిన మహానుభావుడు. ఆయన ఆటగాడిగా ఏ క్లబ్? లెగియా. కోచ్‌గా కూడా లెగియాలో పనిచేశాడు. మీ ఇంటి మనిషి కుర్చీలో ఉండగానే మీ కప్పు పోయింది. ఇంకేం పక్షపాతం?

(ఇక్కడ బావ కాసేపు మంచినీళ్లు తాగాడు. ఈ గూర్స్కీ సంగతికి లెగియా వాళ్ల దగ్గర సరైన జవాబు నేనెప్పుడూ వినలేదు.)

బావ: సరే, సమాఖ్య ఉద్దేశం మంచిదే అనుకుందాం. ఆ ఎండాకాలమే ఫ్రాన్స్‌లో ఏమైందో చెబుతా. మార్సెయ్ జట్టు మే 20న వాలెన్సియెన్‌తో ఆడింది. యూరప్ ఫైనల్ దగ్గర్లో ఉందని, దెబ్బలు తగలకుండా మెల్లగా ఆడమని అవతలి ఆటగాళ్లకి డబ్బిచ్చారు. పోలీసులు వెళ్లి ఆ జట్టులో ఒక ఆటగాడి బంధువుల ఇంటి పెరడు తవ్వితే కవర్‌లో రెండున్నర లక్షల ఫ్రాంకులు బయటపడ్డాయి. మట్టిలోంచి తీసిన నోట్లురా! అదీ సాక్ష్యమంటే. మార్సెయ్‌కి ఫ్రెంచ్ లీగ్ కప్పు తీసేశారు. మరి రెండో స్థానంలో ఉన్న పారిస్ జట్టుకి ఇచ్చారా? లేదు. 1993 గడి ఈనాటికీ ఖాళీ. నోట్లు దొరికిన దేశంలో కప్పు ఎవరికీ ఇవ్వలేదు. చిల్లిగవ్వ దొరకని దేశంలో మాత్రం మూడో జట్టుని పిలిచి ఇచ్చారు!

బామ్మర్ది: ఇటలీ మాటేమిటి మరి? 2006లో యువెంటస్ కప్పు తీసి ఇంటర్‌కి ఇచ్చారు. ఇంటర్ మైదానంలో తెచ్చుకుంది మూడో స్థానమే. అచ్చం లెఖ్‌లాగే.

బావ: అక్కడ ఫోన్ రికార్డులు ఉన్నాయి. రిఫరీల వ్యవహారం చూసే వాళ్లతో క్లబ్ పెద్దలు మాట్లాడిన మాటలు దేశమంతా చదివింది. చదివింది, ఊరికే చూడలేదు! అదీగాక అదే యువెంటస్ 2005 కప్పు తీసేసి ఎవరికీ ఇవ్వలేదు. ఇద్దరు కాపీ కొట్టారని అనుమానమొస్తే పరీక్ష మళ్లీ పెడతారు గానీ మూడోవాణ్ని పిలిచి ఫస్ట్ ర్యాంకు చేతిలో పెడతారా? మళ్లీ ఆడించొచ్చుగా ఆ రెండు ఆటలూ!

బామ్మర్ది: ఎవరితో ఆడిస్తారు? అదే విస్వాతో, అదే ఒలింపియాతోనా? అప్పుడు 8-0, 9-1 వచ్చేవి.

బావ: హహ్హ. సరే, ఆ దెబ్బ నీదే.

బామ్మర్ది: లెఖ్‌కి కప్పు ఇవ్వకూడదనే మాట మాత్రం నేనొప్పుకోను. లెఖ్ ఏ తప్పు చేసింది? మోసం చేశారనుకున్నవాళ్ల పాయింట్లు తీసేస్తే పట్టికలో ఎవడు పైనుంటే వాడిది కప్పు. ఖాళీ పెడితే మోసంతో పాటు నిజాయితీగా ఆడినవాడికీ శిక్ష పడినట్టేగా.

బావ: నిజాయితీగా ఆడినవాడు ఏం వెలగబెట్టాడు? యూరప్ క్లబ్ పోటీల్లో లెగియాకీ, ఎల్‌కేఎస్‌కీ చోటు లేకుండా చేశారు. మీరు వెళ్లారు. రెండో రౌండ్‌లో స్పార్టక్ మాస్కో వచ్చి పోజ్నాన్‌లో అయిదు గోల్స్ కొట్టి వెళ్లింది.

బామ్మర్ది: స్పార్టక్ చేతిలో ఓడితే ముందటి సీజన్ కప్పు చెల్లదా? ఏం లాజిక్ బావా ఇది!

బావ: లాజిక్ కాదులే, మంట. మేము 1994లో గెలిచాం, 1995లో గెలిచాం, ఆ తర్వాత ఛాంపియన్స్ లీగ్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లాం. కొనుక్కునే జట్టు అక్కడిదాకా వెళ్తుందా? 1993లో పంపి ఉంటే అప్పుడే వెళ్లేవాళ్లం అని కడుపు మండుతుంది.

బామ్మర్ది: మండనీ. నేనొకటి అడుగుతా, సూటిగా చెప్పు. 2005లో వ్రొత్స్వాఫ్ ప్రాసిక్యూటర్లు తీగ లాగితే పోలండ్ ఫుట్‌బాల్ డొంకంతా కదిలింది. రిఫరీలు, కోచ్‌లు, క్లబ్ పెద్దలు, వందల మంది మీద లంచాల కేసులు. ఇన్నేళ్లుగా ‘సాక్ష్యమేది’ అంటూ కూర్చున్న ఫలితం కాదా అది? 1993లో చూపించిన తెగువ ఆ తర్వాత కూడా చూపించి ఉంటే అంతదాకా వచ్చేదా?

బావ: అదే నా వాదనకి పెద్ద బలంరా! 2005 తర్వాత ఏం చేశారు? విచారణ జరిగింది, పేర్లు బయటికొచ్చాయి, ఏ ఆటకి ఎవరు ఎంత ఇచ్చారో తేలింది, తర్వాతే శిక్ష. జగ్వెంబియె లూబిన్ అనే క్లబ్‌నే చూడు. 2007లో చాంపియన్. పాత సీజన్‌లో ఆటలు కొన్నట్టు తేలితే ఏడాది తిరిగేసరికి కింది డివిజన్‌కి నెట్టారు. అయినా 2007 కప్పు వాళ్ల దగ్గరే ఉంది, ఎందుకంటే తప్పు ఆ సీజన్‌ది కాదు. అంత జాగ్రత్తగా లెక్క చూశారు. అదీ పద్ధతి. మా మీద ఇప్పటికీ ఏ కోర్టూ డబ్బు చేతులు మారిందని తేల్చలేదు. మేము ఎన్నిసార్లు కప్పు తిరిగివ్వమని అడిగినా సమాఖ్య తలుపు తీయదు.

బామ్మర్ది: తలుపు తీస్తే మళ్లీ చూడాల్సి వస్తుంది ఆ 6-0ని. ఆ వీడియో ముందు కూర్చుని ‘ఇది మామూలు ఆటే’ అని సంతకం పెట్టే ధైర్యం ఎవడికుంది?

బావ: ‘ఇది కొన్న ఆట’ అని సంతకం పెట్టే ధైర్యం మాత్రం అప్పుడెవరికుంది? ‘చూశాం’ అన్నారు. ఏం చూశారో రాయలేదు.

బామ్మర్ది: చూడ్డం గురించే అయితే తర్వాతి ఏడాది సంగతి ఎత్తనా? 1994 జూన్, చివరి ఆట, వార్సాలో మీ సొంత స్టేడియం. గూర్నిక్ జబ్జె గెలిస్తే కప్పు వాళ్లది, డ్రా అయితే మీది. రిఫరీ గూర్నిక్ వాళ్లలో ముగ్గురికి రెడ్ కార్డు చూపించాడు. ముగ్గురికి! ఎనిమిది మందితో మిగిలారు పాపం. 1-1, కప్పు లెగియాకి. జబ్జె వైపు వెళ్లి ఆ ఆట పేరెత్తు, టీ కూడా పొయ్యరు నీకు.

బావ: నువ్వు నా గోతిలో పడ్డావు చూసుకో. ఆ ఆటని కూడా పోలండ్ అంతా చూసింది కదా?

బామ్మర్ది: చూసింది.

బావ: రద్దు చేశారా?

బామ్మర్ది: చేయలేదు.

బావ: మరి కులేషా గారి రూల్ ఏమైంది? చూడ్డమే సాక్ష్యమైతే 1994 కూడా పోవాలి. చూడ్డం చాలదంటే 1993 తిరిగి రావాలి. రెండిట్లో ఒకటే నిజం కావాలి.

బామ్మర్ది: సరే, నీ రూల్ ప్రకారమే పోదాం. 1993ది నీకిచ్చేస్తా, 1994ది గూర్నిక్‌కి ఇచ్చెయ్. 15కి 15, లెక్క సరిపోయింది.

బావ: 1994ది ఎందుకివ్వాలిరా? రిఫరీ నిర్ణయం ఫైనల్!