సవరణ: పాట్ మీది నంబరు గిటారు పుట్టినతేదీ కాదు

పాత ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటారును ఆన్‌లైన్‌లో కొనేముందు లోపలి వాల్యూమ్, టోన్ పాట్‌ల (నాబ్‌ల కింద ఉండి శబ్దాన్ని మార్చే భాగాల) ఫొటో అడగమని మొన్న రాశాను. అది చదివి కొందరు ‘1968 గిటారంటున్నాడు, పాట్‌ల మీది నంబరులో ఏడాది 66 అని ఉంది, డూప్లికేటేనా?’ అని అడుగుతున్నారు. ఆ ఒక్క ముక్కతో అలా అనలేం.

1376612 అని ఉందనుకోండి. 137 అంటే పాట్ చేసిన సీటీఎస్ కంపెనీ గుర్తు, 66 ఏడాది, 12 ఆ ఏడాదిలో వారం. అంటే పాట్ ఎప్పుడు తయారైందో చెబుతుంది, అంతే. ఫెండర్ 1966లో పాట్‌లు పెద్దమొత్తంలో కొనిపెట్టుకుంది. ఆ సరుకు తర్వాతి కొన్నేళ్లపాటు గిటార్లలో పడుతూనే వచ్చింది. కాబట్టి 68 గిటారులో 66 పాట్ మామూలే. ‘66 గిటారు’లో 68 పాట్ కనిపిస్తేనే అనుమానించాలి. అప్పుడైనా మారింది పాట్ ఒక్కటే కావచ్చు. అది తెలియాలంటే పాట్ దగ్గర సోల్డరింగ్ (వైర్ల అతుకు) కొత్తగా మెరుస్తోందేమో చూడండి.

ఇంకోటి. ఆ కాలపు గిటారు మెడల అడుగున, బాడీకి బిగించే చోట, ‘13 సెప్టెంబర్ 68 బి’ లాంటి ముద్ర ఉంటుంది. ఆ 13 తారీఖు కాదు, మోడల్ కోడ్. చివరి బి నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) వెడల్పుకు గుర్తు. సెప్టెంబర్ 13న పుట్టిందని మురిసిపోతూ చెప్పే అమ్మకందారు మోసగాడే కానక్కర్లేదు, తెలియక అంటుండొచ్చు. మెడ విప్పి ఫొటో పంపనంటే మాత్రం ఆ ధరకు నేనైతే కొనను.