తూటాకు ఎదురెళ్తేనే శౌర్యమా?

2021 నవంబరులో పెన్నా పోటెత్తినప్పుడు నెల్లూరు జిల్లా కోవూరు చుట్టుపక్కల ఊళ్లు మునిగిపోయాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టికట్ట కూడా కొట్టుకుపోయింది. ఆ వరదలోనే బుచ్చిరెడ్డిపాలెం మండలం దామరమడుగు వద్ద జనాన్ని కాపాడబోయి రాష్ట్ర విపత్తు స్పందన దళం (ఎస్‌డీఆర్‌ఎఫ్) కానిస్టేబుల్ ఒకరు ప్రాణాలు కోల్పోయారు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో యూనిఫాం వేసుకున్నవాళ్లకు ప్రాణగండం ఎక్కువగా ఇలాగే, నీళ్ల రూపంలోనో మంటల రూపంలోనో వస్తుంది.

ఇప్పుడు పతకాల లెక్క చూద్దాం. 2025 స్వాతంత్ర్య దినోత్సవానికి కేంద్రం 233 మందికి శౌర్య పతకాలు ప్రకటించింది. అందులో పోలీసులు 226 మంది. అగ్నిమాపక సిబ్బంది ఆరుగురే. ప్రాంతాల వారీగా చూస్తే జమ్మూ కశ్మీర్‌లో పనిచేసినవాళ్లు 152 మంది, మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లో పనిచేసినవాళ్లు 54 మంది. వాళ్లకు రావాల్సిందే వచ్చింది. నల్లమల అంచున ఎర్రగొండపాలెం, దోర్నాల వైపు ఒకప్పుడు పోలీసులు ఎంత టెన్షన్‌తో డ్యూటీ చేశారో తెలిసిన ప్రకాశం జిల్లావాళ్లెవరూ ఆ పతకాలను తక్కువ చేసి మాట్లాడరు.

కానీ పతకం ఎందుకిస్తారో చెప్పేచోట ప్రాణాలు, ఆస్తులు కాపాడటం అనే మాటే ముందుంది. నేరాన్ని ఆపడం, నేరస్థుణ్ని పట్టుకోవడం ఆ తర్వాతే. కాబట్టి వరదలో, మంటల్లో కాపాడినవాళ్లకు పతకం ఇవ్వడానికి రూల్ అడ్డం కాదు.

పోనీ, నీళ్లలో దూకి కాపాడినవాళ్లకు జీవన్ రక్షా పదక్ ఉంది కదా అంటారు. అది ప్రధానంగా మామూలు పౌరుల కోసం. పోలీసులకు, ఫైర్ సిబ్బందికి ఇవ్వాలంటే ఆ సాహసం డ్యూటీలో భాగంగా చేసింది కాకూడదు. అంటే సెలవులో ఉండి చెరువులో దూకితే ఆ పతకానికి పేరు పంపొచ్చు, డ్యూటీలో ఉండి దూకితే పంపకూడదు. ఇక వాళ్లకు మిగిలేది శౌర్య పతకమే. అందులోనూ వాళ్ల వాటా ఇంత సన్నగా ఉంటే ఎలా?

నాకు అర్థమైనంతవరకు చిక్కంతా కాగితం దగ్గరే ఉంది. ఎదురుకాల్పులు జరిగితే ఎఫ్‌ఐఆర్ ఉంటుంది, విచారణ ఉంటుంది, ఎవరు ఎక్కడ నిలబడ్డారో నిమిషాలతో సహా రికార్డవుతుంది. అదే కొండపి వైపు పొగాకు బ్యారన్, అంటే ఆకును వేడితో ఆరబెట్టే గది, అంటుకుందనుకోండి. లోపల కర్రలకు వరసలు వరసలుగా వేలాడే ఆకు అప్పటికే ఎండి ఉంటుంది, క్షణాల్లో భగ్గుమంటుంది. పైకప్పు ఎప్పుడు కూలుతుందో తెలియదు. లోపల మనిషి ఉన్నాడని ఎవరైనా అరిస్తే లీడింగ్ ఫైర్‌మన్ ఆలోచించడు, దూరిపోతాడు. తర్వాత రాసే రిపోర్టులో కాల్ ఎప్పుడొచ్చింది, బండి ఎప్పుడు కదిలింది, ఎంత నష్టం జరిగింది, ఎంత ఆస్తి మిగిలింది అన్నవే ప్రధానం. ఎవరు ముందు దూరారన్నదానికి అందులో చోటు తక్కువ. వారం తిరిగేసరికి సాక్షులు పొలం పనుల్లో పడతారు.

పతకానికి ప్రతిపాదన కింది నుంచే కదలాలి. స్టేషన్ ఆఫీసర్ రాయాలి, జిల్లా అధికారులు బలపరచాలి, రాష్ట్రం కేంద్ర హోంశాఖకు పంపాలి. కింద ఒక్క పేజీ రాయకపోతే పైన ఎంత మంచి కమిటీ కూర్చున్నా చేసేదేం లేదు. అందుకే వరద తగ్గగానే పంటనష్టం అంచనాలతో పాటే, ఎవరిని ఎవరు కాపాడారో కాపాడబడినవాళ్ల నోటితోనే చెప్పించి, సంతకం తీసుకుని, కలెక్టర్ నివేదికకు జతచేయాలి. సెల్‌ఫోన్లో ఊరివాళ్లు తీసిన వీడియోలూ ఆ ఫైల్లో చేరాలి. నెల్లూరు, ఒంగోలు ఈ పని మొదలుపెట్టడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. వచ్చే ఈశాన్య రుతుపవనాల లోపే ఆ ఫారం ప్రతి ఫైర్ స్టేషన్‌లో, ప్రతి పోలీస్ స్టేషన్‌లో సిద్ధంగా ఉండాలి.