బండి తాళం ఇచ్చిందెవరు?

పగలంతా ఐటీ ఉద్యోగులతో కిక్కిరిసే హైదరాబాద్ రాయదుర్గం నాలెడ్జ్ సిటీ రోడ్లు వీకెండ్ అర్ధరాత్రి దాటితే రేసు ట్రాకులవుతున్నాయి. నంబర్ ప్లేటు మడిచేసి, సైలెన్సర్ మార్చేసి, ముందు చక్రం గాల్లోకి లేపుతూ పోయే కుర్రాళ్లు కొందరు, పక్కన నిలబడి రీల్స్ తీసేవాళ్లు ఇంకొందరు. పోలీసులు వస్తారు, బళ్లు పట్టుకుంటారు, తల్లిదండ్రుల్ని పిలిచి కౌన్సెలింగ్ ఇస్తారు. కొన్నాళ్లకి అదే గోల ఇంకో రోడ్డు మీద మొదలవుతుంది.

ఆ వయసులో వేగం మీద మోజు మామూలే, దాన్ని తిట్టి లాభం లేదు. కానీ 120 కిలోమీటర్ల స్పీడులో బండి సెకనుకి 33 మీటర్లు పోతుంది, అంటే ఎదురుగా మనిషున్నాడని గమనించి బ్రేకు మీద వేలు వేసేలోపే అంత దూరం అయిపోతుంది, ఆ తర్వాత ఆగడానికి పట్టే దూరం 60లో పోయే బండికి రెట్టింపు కాదు, నాలుగింతలు. ఆ దూరంలో ఉండేదెవరు? తెల్లారకముందే చీపురు పట్టుకుని వచ్చిన జీహెచ్‌ఎంసీ కార్మికురాలు, ఆఖరి ఆర్డర్ ఇచ్చేసి ఇంటికి పోతున్న డెలివరీ అబ్బాయి. వాళ్లు ఏ పందెమూ కాయలేదు.

2011లో మాజీ క్రికెట్ కెప్టెన్ అజారుద్దీన్ కొడుకు ఔటర్ రింగ్ రోడ్డు మీద వెయ్యి సీసీ బైక్ పడిపోయి 19 ఏళ్లకే చనిపోయాడు, వెంట ఉన్న బంధువూ దక్కలేదు. అది పందెమని మేం అనడం లేదు, స్పీడు గురించే చెబుతున్నాం. టూవీలర్లకి అనుమతే లేని రోడ్డది.

చట్టం లేదా అంటే ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం రోడ్డు మీద రేసుకి మొదటిసారి దొరికితే 3 నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రెండు లక్షల బండి కొనిచ్చిన ఇంటికి 5 వేలు ఒక లెక్కా? మైనర్ బండి నడిపి నేరం చేస్తే మాత్రం కథ వేరే: తల్లిదండ్రులకో బండి ఓనరుకో 3 ఏళ్ల వరకు జైలు, 25,000 జరిమానా, ఏడాదిపాటు రిజిస్ట్రేషన్ రద్దు, పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. ఈ సెక్షన్ పేరు చెబితే చాలామంది నాన్నలు ఆశ్చర్యపోతారు, ఎందుకంటే వాళ్ల దాకా అది రానే లేదు. తన నిర్లక్ష్యంతోనే చనిపోయినవాడి కుటుంబానికి బీమా కంపెనీ పరిహారం ఇవ్వక్కర్లేదన్న తీర్పులో జోక్యం చేసుకోబోమని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది, అది కూడా కౌన్సెలింగ్‌లో చెప్పాల్సిందే.

2023 ఫిబ్రవరిలో ఇదే నగరం హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు నడిపింది, దారి పొడవునా కాంక్రీటు గోడలు, కంచెలు పెట్టి మరీ. (దాని డబ్బుల మీద కేసుల గొడవ వేరే సంగతి.) అంత చేయగలిగినవాళ్లు ఊరి బయట కుర్రాళ్లకి ఒక ట్రాక్ కట్టి, హెల్మెట్టూ టికెట్టూ పెట్టలేరా? మోజు మొత్తం అక్కడికి మళ్లుతుందని కాదు, కొంతైనా రోడ్డు దిగుతుంది.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఆ సైలెన్సర్లు అమ్మేవాళ్లని. అవి పట్టుకుని రోడ్‌రోలర్‌తో తొక్కించిన ఫొటోలు పోలీసులు పంపుతూనే ఉన్నారు, మేం వేస్తూనే ఉన్నాం. వాటిని బిగించిన షాపు షట్టర్ దించిన ఫొటో ఒక్కటి పంపండి, మొదటి పేజీలో వేస్తాం.