భూమధ్యరేఖ మీద డైటింగ్

(విజయవాడలో ఒక ఇల్లు. హాల్లో డిజిటల్ కాటా మీద సుందరం, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. ఎదురుగా వైదేహి, కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయింది.)

వైదేహి: 84. పోయిన నెలా ఇంతే.

(సుందరం ఒక కాలు పైకెత్తి చూశాడు. ఇలాంటి విద్యలు కాటా చాలానే చూసింది. 84.)

సుందరం: అందుకే సింగపూర్ వెళ్దామంటున్నా. భూమధ్యరేఖ దగ్గర బరువు తగ్గుతుందట. నిన్న రాత్రి చదివాను.

వైదేహి: తగ్గుతుంది. ఎంతో కూడా చదివారా?

సుందరం: అది తర్వాతి పేజీలో ఉంది. నిద్రొచ్చేసింది.

వైదేహి: ఇక్కడి నుంచి అక్కడికెళ్తే మీకు తగ్గేది 35 గ్రాములు. దానికి విమానం టిక్కెట్లెందుకు? ఫ్రిజ్‌లో దాచుకున్న ఆ మైసూర్‌పాక్ ముక్క మానేయండి.

సుందరం: దాచలేదే, మిగిలిందంతే. అసలెందుకు తగ్గుతుందో చెప్పు ముందు.

వైదేహి: మీ జీతంలో టీడీఎస్ కోసినట్టు. భూమి మిమ్మల్ని లాగుతుందా? అందులో కొంత మిమ్మల్ని తనతో పాటు గుండ్రంగా తిప్పడానికే పోతుంది. మిగిలిందే కాటా చూపిస్తుంది. భూమధ్యరేఖ దగ్గర గంటకు 1,670 కిలోమీటర్ల వేగం కాబట్టి కోత ఎక్కువ. ధ్రువం దగ్గర కోతే లేదు.

సుందరం: టీడీఎస్ అయితే రిటర్న్ వేస్తే తిరిగొస్తుందిగా!

వైదేహి: ఇదీ అంతే. రిటర్న్ ఫ్లైట్ దిగగానే 35 గ్రాములూ తిరిగొస్తాయి.

సుందరం: ఇంత చిన్న తేడా ఎవరు కనిపెట్టారే, పనిలేక?

వైదేహి: గడియారం కనిపెట్టింది. 1672లో రిషే అనే ఫ్రెంచి ఆయన ఆకాశం పరిశీలించడానికి దక్షిణ అమెరికాలోని కయెన్‌కి వెళ్లాడు. పారిస్‌లో సరిగ్గా నడిచిన లోలకం గడియారం అక్కడ రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. లాగుడు తగ్గితే లోలకం నెమ్మదిగా ఊగుతుంది మరి. పాపం, దాని పొడవు కాస్త తగ్గించి సరిచేసుకున్నాడు. తర్వాత 1687లో న్యూటన్ ఆ సంగతే పట్టుకుని, భూమి తిరిగీ తిరిగీ నడుము దగ్గర ఉబ్బిందని వాదించాడు. ఉబ్బిన చోట కేంద్రానికి దూరం కాబట్టి లాగుడు ఇంకాస్త తగ్గుతుంది.

సుందరం: అంటే మన గోడ గడియారం కూడా అందుకే...

వైదేహి: అది మీరు కీ ఇవ్వక ఆగింది.

సుందరం: పోనీ, భూమే ఇంకా జోరుగా తిరిగితే?

వైదేహి: ఇప్పటికన్నా 17 రెట్లు జోరుగా తిరిగితే భూమధ్యరేఖ మీద మీ బరువు సున్నా. కాకపోతే రోజంతా కలిపి 84 నిమిషాలే.

సుందరం: (వేళ్లు లెక్కపెట్టి) పూటకోసారి తిన్నా, ఇప్పటి ఒక్క రోజులో 51 భోజనాలు!

వైదేహి: మీ బరువు సున్నా అయితే సాంబారుదీ సున్నాయే. కంచంలో నిలవదు.

సుందరం: శనిగ్రహం సంగతేంటి? అక్కడ పదిన్నర గంటలకే రోజైపోతుందట.

వైదేహి: దాని మధ్యరేఖ దగ్గర మీరు 77 కిలోలు తూగుతారు, ధ్రువం దగ్గర 104. కానీ కాటా పెట్టుకోవడానికి అక్కడ నేలే లేదు, అంతా వాయువు.

సుందరం: ఏలినాటి శని ఏడున్నరేళ్లు నాతోనే ఉండి కిలో కూడా తగ్గించలేదు. నేనే వెళ్తే మాత్రం ఏం ఒరుగుతుందిలే.

వైదేహి: ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. చెప్పులేసుకుని పార్కు చుట్టూ నాలుగు చుట్లు తిరగండి.

సుందరం: తిరిగితే సన్నబడతారా? పుట్టినప్పట్నుంచీ తిరుగుతున్న భూమికే నడుము లావైందని ఇప్పుడేగా చెప్పావు!

వైదేహి: (ఒక్క క్షణం తడుముకుని) భూమికి నడుము దగ్గర ఎక్కువున్నది 21 కిలోమీటర్లే. మొత్తంలో 300వ వంతు. మీది శని లెక్క, దాదాపు పదో వంతు!

సుందరం: సరే తల్లీ, నడుస్తాను. నా బెల్టెక్కడ?

వైదేహి: శనికైనా వలయం చుట్టూ వచ్చింది. మీకు బెల్టు రావట్లేదని మొన్నే మా తమ్ముడికిచ్చేశాను.