ఇరవై నాలుగు అభ్యంతరాలు చెప్పే శిష్యుడు

యూదుల మతవిద్య గురించిన మీ వ్యాసంలో, శిష్యుడు గురువు మాటకు ఎదురు చెప్పకూడదని రాశారు. గౌరవం సంగతి నిజమే, గురువు కూర్చునే చోట శిష్యుడు కూర్చోకూడదనే నియమం కూడా ఉంది. కానీ ఎదురు ప్రశ్న వేయకూడదన్నది మాత్రం సరికాదండీ.

యూదుల మత చర్చల గ్రంథమైన తాల్ముద్‌లో రబ్బీ (మతగురువు) యోహనాన్, ఆయన శిష్యుడు రేష్ లాకిష్‌ల కథ చూడండి. 3వ శతాబ్దం, ఇప్పటి ఇజ్రాయెల్‌లోని తిబెరియ పట్టణం. రేష్ లాకిష్ ఒకప్పుడు బందిపోటు. యోహనాన్ అతన్ని చదువులోకి తెచ్చి, తన సోదరినిచ్చి పెళ్లి చేసి, తనతో సమానంగా వాదించే పండితుణ్ణి చేశాడు. ఒకరోజు కత్తి, బాకు లాంటివి ఏ దశలో పూర్తిగా తయారైనట్టు లెక్క అని వాదన వచ్చింది. దొంగకు దొంగ పనిముట్లు బాగా తెలుస్తాయిలే అని గురువు పాత గాయం కెలికాడు. ఇద్దరి మనసులూ విరిగాయి. రేష్ లాకిష్ జబ్బుపడి చనిపోయాడు.

దుఃఖంలో ఉన్న యోహనాన్‌కు తోడుగా పండితులు రబ్బీ ఎలాజర్‌ను పంపారు. ఆయన ప్రతి మాటకూ "మీరన్నదానికి ఆధారం ఉంది" అనేవాడు. యోహనాన్‌కు కావాల్సింది అది కాదు. రేష్ లాకిష్ అయితే 24 అభ్యంతరాలు చెప్పేవాడు, నేను 24 జవాబులు ఇచ్చేవాణ్ణి, అలా విషయం విశాలమయ్యేది అన్నాడు. బట్టలు చింపుకుని, ఎక్కడున్నావని శిష్యుణ్ణి పిలుస్తూ ఏడ్చాడు.

నేనూ పిల్లలకు పాఠాలు చెప్పేదాన్నే. ఇది చదివినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది. క్లాసులో ఒక్కోసారి నోటిదాకా వచ్చిన మాట ఆపుకున్నది ఈ కథ గుర్తొచ్చే. దయచేసి వ్యాసంలో ఈ కోణం కూడా చేర్చండి.