మే బిల్లును డిసెంబరు బిల్లుతో పోలుస్తారా?

ఆఫీసుల్లో కరెంటు పొదుపు గురించిన ఒక మెసేజ్ ఈ వారంలో నాకు రావడం ఇది ఆరోసారి. పంపినవాళ్లంతా నావాళ్లే. మా బామ్మర్ది అయితే "మీ ఆఫీసులో కూడా ఆ స్టిక్కర్లు పెట్టించు బావా" అని ఫోన్ కూడా చేశాడు. కర్నూలులో ఒక నాలుగంతస్తుల ఆఫీసు బిల్డింగులో పద్నాలుగేళ్లుగా కరెంటు పని చూస్తున్నాను, అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

మెసేజ్‌లో ఉన్నది ఇది: ఒక పెద్ద ఆఫీసులో స్విచ్‌బోర్డుల పక్కన "ఆపి వెళ్లండి" అని స్టిక్కర్లు అంటించారు. మేలో వచ్చిన బిల్లు డిసెంబరుకల్లా 30 శాతం తగ్గింది. కాబట్టి చార్జర్లు పీకేయండి, స్క్రీన్‌సేవర్ పెట్టుకోండి, పెద్దసారు ముందు మారాలి. ఎల్‌ఈడీలు, కొత్త ఫ్యాన్లు దండగ.

చార్జర్: ఫోన్ తగిలించకుండా ప్లగ్గులో వదిలేసిన ఇప్పటి చార్జర్ ఏడాదంతా కలిపి తినేది ఒకటి రెండు యూనిట్లు. వదిలేయండి. స్క్రీన్‌సేవర్: బొమ్మ కదులుతోందంటే మానిటర్ వెలుగుతూనే ఉందని. దీనికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

ఇక ఆ 30 శాతం. మన ఊళ్లో మే నెలంటే 40 డిగ్రీలు దాటే ఎండ. పొద్దున ఆఫీసు తెరిచింది మొదలు ఏసీలు ఆగవు. డిసెంబరులో అవే ఏసీల రిమోట్లు టేబుల్ సొరుగుల్లో ఉంటాయి. ఇంధన పొదుపు దినోత్సవం డిసెంబరు 14న కాబట్టి పోస్టర్లు, ప్రతిజ్ఞలు అన్నీ ఆ వారంలోనే పడతాయి. ఏ స్టిక్కరూ లేకపోయినా ఆ నెల బిల్లు తగ్గుతుంది కదా! ఆ 30 శాతంలో చలికాలం వాటా ఎంతో ఎవరైనా తీసేసి చూశారా? పోల్చాలంటే పోయిన డిసెంబరుతో పోల్చాలి. అదీ రూపాయల్లో కాదు, యూనిట్లలో. పెద్ద కనెక్షన్లకిచ్చే హెచ్‌టీ (హై టెన్షన్) బిల్లులో యూనిట్ల లెక్క కాక, లోడును బట్టి వేసే డిమాండ్ చార్జీలుంటాయి, కరెంటు కొనుగోలు ఖర్చు తేడాకి వేసే సర్దుబాటు చార్జీలుంటాయి. రీడింగ్ 28 రోజులకు తీశారా, 33 రోజులకా? ఆ నెలలో సెలవులెన్ని? ఒక సెక్షన్ వేరే బిల్డింగుకి మారిందా? ఇవేవీ అడగకుండా శాతం ఎలా వేశారయ్యా?

ఒక ఆదివారం నేను ప్యానెల్ రూముకి వెళ్లాను. వాచ్‌మన్ తప్ప బిల్డింగులో మనిషి లేడు. మీటరు మాత్రం బాగానే తిరుగుతోంది. వెతుక్కుంటూ మేడెక్కితే ట్యాంకు నిండగానే మోటారు ఆపాల్సిన ఫ్లోట్ ఇరుక్కుపోయి, రాత్రంతా మోటారు నడిచి, నీళ్లు గోడ వెంట కారుతున్నాయి. సర్వర్ రూము ఏసీ సరేసరి. ఈ కరెంటు ఏ ఉద్యోగి చేతిలో ఉంది? ఏ స్టిక్కరు దీన్ని ఆపుతుంది?

జనం అలవాట్లు మారితే అసలేమీ తగ్గదని నేననను. 2011లో వెలువడిన ఒక అమెరికా యూనివర్సిటీ అధ్యయనంలో, తమ బిల్డింగు వాడకం ఎంతో ఎప్పటికప్పుడు తెలియజేసినచోట 7 శాతం, తోటి ఉద్యోగులే నచ్చజెప్పినచోట 4 శాతం తగ్గింది. అంత శ్రమపడితే వచ్చిన లెక్క అది. ఉత్త స్టిక్కరుకి 30 శాతమా?

అన్నిటికంటే నష్టం చేసేది "కొత్త ఫ్యాన్లు దండగ" అన్న ముక్క. పాత ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 చిల్లర. 200 ఫ్యాన్లు రోజుకు 8 గంటలు తిరిగితే రోజుకు 60 యూనిట్లకు పైనే తేడా. ఎవరూ గుర్తుపెట్టుకుని ఏదీ ఆపక్కర్లేదు. ఈ మెసేజ్ చూపించి ఒక చోట ఫ్యాన్ల ఫైలు పక్కన పెట్టేశారని విన్నప్పుడు నాకు నిజంగా బాధేసింది.

పెద్దసారు ముందు మారాలన్న మాట మాత్రం ఒప్పుకుంటాను. మొదట దాన్నీ కొట్టిపారేద్దామనుకున్నాను. కానీ మా పెద్దసారు 18 మీదుండే తన ఏసీని 25కి పెంచి, పైన ఫ్యాన్ వేసుకున్నారు. వారం తిరిగేసరికి పక్క గదుల్లోనూ 24, 25 కనిపించాయి. ఎవరికీ సర్క్యులర్ ఇవ్వలేదు. దానివల్ల ఎన్ని యూనిట్లు మిగిలాయో చెప్పలేను, అప్పుడు అంతస్తుకో మీటరు లేదు.

ఇప్పుడుంది. అందుకే మా బామ్మర్ది అడిగినట్టే స్టిక్కర్లు తెప్పించాను. రెండో అంతస్తులో మాత్రమే అంటిస్తాం, మూడో అంతస్తు జోలికి పోము. రెండింటి రీడింగ్ రోజూ సాయంత్రం ఆరింటికీ, ఆదివారం పొద్దున్నా రాసుకుంటాను. వచ్చే ఏడాది ఇదే నెలదాకా రాస్తాను. అప్పుడు ఆ నోట్‌బుక్ ఫోటో తీసి గ్రూపులో పెడతాను. అందాకా ఆ మెసేజ్ ఇంకెవరికీ పంపకండి.